సబ్‌వూఫరూ, గోడపైన అడుగున్నర సందూ

శ్రావణ మాసం రెండో శుక్రవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, ఉదయగిరిలో పెంచల్రెడ్డి గారింట్లో నేను బిగించిన సబ్‌వూఫర్ మొదటిసారి మోగింది. మోగలేదని కూడా అనవచ్చు. నేను నిలబడిన చోట మోగింది, ఆయన కూర్చున్న చోట మోగలేదు. ఇద్దరి మధ్య దూరం ఏడడుగులు. టేపు పెట్టి కొలిచాను.

నేను పని మానేసిన ఏడాది అది. అప్పటికి ఆత్మకూరులో ఒకే షాపులో ముప్పై నాలుగేళ్ళు చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, ఏ కంపెనీ మంచిది, ఎన్ని అంగుళాలది కొనిపించాలి, ఎన్ని వాట్లు ఉండాలి అని అడుగుతుంటారు. వాటి జవాబులు అట్టపెట్టె మీద అచ్చువేసే ఉంటాయి. అచ్చులో లేనిది చెబుదామని ఇది రాస్తున్నాను. ఎంతవరకు చెప్పగలనో తెలియదు. ఆ ఇంట్లో జరిగినదాంట్లో సగం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

షాపు

మా నాయన ఆత్మకూరులో చర్చి మైకు చూసుకునేవాడు. ఆదివారం ఆరాధనకు ముందు యాంప్లిఫయర్ వేడెక్కిందో లేదో చేయి పెట్టి చూసేవాడు. ఆ చేతి పక్కనే నా చేయి కూడా ఉండేది. తర్వాత ఐటీఐలో రేడియో, టీవీ మెకానిక్ చదివాను. మా బ్యాచిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. చదువు కాగానే మస్తాన్ భాయ్ షాపులో చేరాను. టేపురికార్డర్ల కాలం నుంచి హోమ్ థియేటర్ల కాలం దాకా అక్కడే గడిచింది.

సబ్‌వూఫర్ అమ్మడానికి మస్తాన్ భాయ్ దగ్గర ఒకటే పద్ధతి ఉండేది. పెట్టె మీద స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టి సౌండు పెంచేవాడు. నీళ్ళు చిందితే సరుకు అమ్ముడుపోయినట్టే.

"మనిషి చెవుల్తో కొనడు కరుణమ్మా, పొట్టతో కొంటాడు. పొట్ట అదరాల" అనేవాడు.

"ఇంటికి పోయినాక చెవుల్తో వింటారు గదా భాయ్?" అంటే, "అది నీ పని" అనేవాడు.

అమ్మేటప్పుడు ఆయన అబద్ధాలు చెప్పేవాడు. సరుకు వెనక్కి తెస్తే మాత్రం మారుమాట లేకుండా తీసుకునేవాడు. మొదటిది అందరు యజమానుల్లోనూ చూశాను, రెండోది ఆయనలోనే చూశాను. కాబట్టి ఆయన మంచి యజమానేనని నా లెక్క.

సబ్‌వూఫర్ అనేది పాటలో అన్నిటికంటే కిందనుండే శబ్దాన్ని పలికించే పెట్టె. గొంతు, వేణువు, తాళాలు దానికి పట్టవు. మద్దెల ఎడమ మూత మీద అరచెయ్యి పడితే వచ్చే గుమ్ము దాని సొత్తు. గొంతు ఎటు వదిలితే అటే పోతుంది. గుమ్ము అలా పోదు. తొట్టిలో నీళ్ళు కదిపినట్టు గది మొత్తం కదులుతుంది. తొట్టిలో నీళ్ళు ఊగేటప్పుడు రెండు కొసల్లో లేస్తాయి, నడిమధ్యలో ఊరకనే ఉంటాయి. గదిలోనూ అంతే. ఒకచోట ఇల్లు కూలుతుందేమో అనిపిస్తుంది, నాలుగడుగులు పక్కకు జరిగితే ఏమీ ఉండదు. అందుకే చిన్నగదికి పెద్ద వూఫర్ కొనిపించకండి. కొనేవాడు ఎక్కడ కూర్చుని వింటాడో చూడకుండా ఏదీ కొనిపించకండి.

జలదంకిలో ఒక మాస్టారు దుమ్ము పడుతుందని సబ్‌వూఫర్‌ని గోడ బీరువాలో పెట్టి తలుపు వేశారు. దుత్తలూరులో ఒకింట్లో ఏ పాట పెట్టినా తుమ్మెద రొద వినబడేది. రెండుసార్లు పెట్టె మార్చాను. మూడోసారి పోయినప్పుడు గోడకున్న పెళ్ళిఫోటో మీద వేలు పెడితే రొద ఆగింది. అద్దం వదులైంది, అంతే. ఇలాంటివి మీకూ వస్తాయి, మీరూ తేల్చుకుంటారు. ఉదయగిరిది మాత్రం అలా తేలేది కాదు.

నైరుతి మూల

పెంచల్రెడ్డి గారు, ఆయన తమ్ముడు కొండారెడ్డి గారు ఒకప్పుడు ఒకే ఇంట్లో ఉండేవారు. ఊళ్ళో వాళ్ళని పెద్దరెడ్డి, చిన్నరెడ్డి అంటారు, నేనూ అలాగే రాస్తాను. భాగాలు పంచుకున్నప్పుడు ముప్పై అడుగుల పాత హాలుకు నడిమధ్యలో గోడ లేపారు. రివాజు ప్రకారం పడమటి భాగం పెద్దాయనకు, తూర్పు భాగం చిన్నాయనకు వచ్చింది. ఆ రోజే పెద్దరెడ్డి తమ్ముడి గడప తొక్కనని ఒట్టేశారు. చిన్నరెడ్డి అన్న గడప తొక్కనని ఒట్టేశారు. నేను అక్కడికి పోయేటప్పటికి ఆ ఒట్లకు పదకొండేళ్ళు.

అంతకుముందు ఆ ఊరి చెక్కభజన జట్టులో పెద్దరెడ్డి పాట, చిన్నరెడ్డి మద్దెల. జట్టు ఆడిన ఒకనాటి భజన ఎవరో క్యాసెట్టులో పట్టారు. ఆ క్యాసెట్టును పెద్దరెడ్డి మా షాపుకు తెచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమన్నారు. ఆ పని చేసింది నేనే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నాను. మూడో చరణంలో ఒకచోట పాట, మద్దెల అర దరువు మేర విడిపోయి మళ్ళీ కలుస్తాయి.

పెద్దరెడ్డికి కావలసింది ఆ అర దరువే.

"ఆడ ఎవురు తప్పినారనేది నేను వినాల" అన్నారు షాపులో. "పాట పరిగెత్తిందంటాడు వాడు. మద్దెల నిద్రపోయిందంటా నేను. ఇంట్లో పాట వినపడతా ఉండాది గానీ మద్దెల సరింగా వినపళ్ళా."

"నేను విన్నానండీ. ఎవరు తప్పారంటే..."

"నువ్వు చెప్పబాక!" అన్నారు చెయ్యి అడ్డం పెట్టి. "నా భాగంలో, నా కుర్చీలో కూర్చోని, నా చెవుల్తో వినాల."

చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదు.

మస్తాన్ భాయ్ ఆయనకు పన్నెండు అంగుళాలది అంటగట్టాడు, గ్లాసులో నీళ్ళు చిందించి మరీ. నేను దాన్ని బిగించడానికి పోయాను. పెట్టె ఎక్కడ పెట్టాలని అడిగితే పెద్దరెడ్డి భార్య లక్ష్మమ్మ గారు వంటింట్లోంచే జవాబు చెప్పారు.

"నైరుతిలో. బరువైందేదన్నా నైరుతిలోనే ఉండాల."

మన దగ్గర ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. బీరువా, తిరగలి, బియ్యం బస్తాలు అన్నీ నైరుతి మూలకే పోతాయి. సబ్‌వూఫర్ కూడా బరువే కదా, అదీ అక్కడికే. మూలన పెడితే శబ్దం ఎక్కువ వస్తుంది, తిన్నగా రాదు. తొట్టి మూల పట్టుకుని ఊపినట్టు ఉంటుంది. ఆ సంగతి చెప్పి చూశాను. "మూల మార్చేది లేదు" అన్నారు ఆమె. సరేనని నైరుతిలోనే పెట్టాను. ఆ శుక్రవారం మొదట రాసినట్టు మోగింది, మోగలేదు.

పన్నెండు అంగుళాలది వెనక్కి తెచ్చి, పది అంగుళాలది, అన్ని వైపులా మూసి ఉన్న డబ్బాది తీసుకుపోయాను. ఈ రకం అరుపు తక్కువ, మాట నికరం. మీరూ ఇలాంటిదే కొనిపించండి. శబ్దం పోటును తిరగేసే చిన్న మీట వెనకాల ఉంటుంది, దాన్ని అటూ ఇటూ వేసి చూశాను. ఎక్కడి నుంచి కింది శబ్దం పెట్టె పలకాలో తేల్చేది కోత పాయింటు, దాని గుబ్బని పైకీ కిందికీ జరిపి చూశాను. కింద పరిచిన తివాచీ తీయించాను, మళ్ళీ వేయించాను. పెద్దరెడ్డి ఆ కుర్చీలోనే కూర్చుని ప్రతిసారీ ఒకటే మాట.

"పాట ఉండాది. మద్దెల లేదు."

నేను గది మధ్యలో నిలబడితే కొంచెం, తూర్పున భాగాల గోడ దగ్గర నిలబడితే బాగా వినబడేది. ఆయన చెవులకేమైనా అయిందేమోనని అనుమానం వచ్చింది. ఆయన్ను లేపి కుర్చీలో నేను కూర్చున్నాను. నాకూ వినబడలేదు. ఆ పూట బస్సులో ఆత్మకూరు వచ్చేదాకా బుర్రలో లెక్కలు వేస్తూనే ఉన్నాను. ఒక్కటీ తేలలేదు.

పారాడటం

ఏమీ తోచనప్పుడు చేసే పని ఒకటుంది. పెట్టెని మనిషి కూర్చునే చోట పెట్టి, మనం నేల మీద పారాడుతూ పోవాలి. మన చెవికి గుమ్ము ఎక్కడ తిన్నగా వినబడుతుందో ఆ చోటు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత పెట్టెని అక్కడికి, మనిషిని కుర్చీకి మార్చాలి. సిగ్గుగా ఉంటుంది, ఐనా చేయాలి. నా మోకాళ్ళకు అప్పటికే నొప్పులు. చీర కొంగు నడుముకు చుట్టి, సబ్‌వూఫర్‌ని పెద్దరెడ్డి కుర్చీలో కూర్చోబెట్టి, నేను నేలకు దిగాను.

"ఏందమ్మా, పసిబిడ్డ మాదిరి పారాడతా ఉండావు?" అన్నారు పెద్దరెడ్డి.

"ఆయన కుర్చీ దానికిచ్చి నువ్వు నేల మీద. పెత్తనం మన చేతుల్లో ఉండాదా, దాని చేతుల్లోనా?" అని లక్ష్మమ్మ గారు నవ్వారు.

నైరుతి నుంచి మొదలుపెట్టాను. అక్కడ గడబిడ. పడమటి గోడ పొడవునా ఏమీ లేదు. తూర్పుకు తిరిగి పోతుంటే అడుగడుక్కీ గుమ్ము పెరిగింది. భాగాల గోడ మొదట్లోకి చేరేసరికి మద్దెల ఎడమ మూత మీద చెయ్యి పడటం, లేవటం కూడా విడివిడిగా తెలిసింది. గోడకు చెవి ఆనించాను. ఇంకా అటువైపున్నట్టుంది. పెట్టాల్సిన చోటు ఆ గోడకవతల ఉందా అని నాకే గందరగోళంగా తోచింది.

అప్పుడు గోడపై నుంచి మగ గొంతు వినబడింది.

"ఆ దరువు మా మంచం కిందకొచ్చి కూర్చోనుండాది. ఎవురి గొడ్డో ఏమో, తోలుకోని పొండి!"

తలెత్తి చూశాను. గోడ మిద్దె దాకా పోలేదు. దూలాల కింద ఆగిపోయింది. గోడకూ మిద్దెకూ మధ్య అడుగున్నర సందు, హాలు వెడల్పు పన్నెండడుగుల మేర. అన్నిసార్లు వచ్చినా నేను నేలే చూశాను తప్ప పైకి చూడలేదు.

పెద్దరెడ్డి గోడ వైపు తిరగకుండా మిద్దెకేసి చూస్తూ అన్నారు. "దూలం మీద బల్లి అరస్తా ఉండాది. నువ్వు పట్టించుకోబాక కరుణమ్మా."

"బల్లులకి చెవులన్నా ఉండాయి. మూడో చరణంలో పాట ఎట్టా పరిగెత్తిందో బల్లి కూడా చెబతాది."

"మద్దెల కొట్టేవోడు కునుకు తీస్తే పాట నిలబడి కాపలా కాస్తాదా?"

"కునుకా! చెయ్యి ఎత్తి కాచుకోకపోతే ఆ పాట పోయి బాయిలో పడుండేది!"

ఎవరూ ఎవరి పేరూ ఎత్తలేదు. "నువ్వు" అన్న మాటే రాలేదు. లక్ష్మమ్మ గారు మాత్రం పట్టించుకోకుండా చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. రోజూ ఉండేదేనట. గడప తొక్కనని ఒట్టు గానీ, సందులోంచి మాట పడనీయనని ఎవరూ ఒట్టేయలేదని ఆమె చెప్పారు. సందు ఎందుకు వదిలారని అడిగితే, దాన్ని పూడ్చే మేస్త్రి నిచ్చెన ఎవరి భాగంలో వేయాలనే దగ్గర పెద్దమనుషుల మాట తెగలేదని చెప్పారు.

నాకు చిక్కు విడినట్టనిపించింది. గొంతుకు ఆ గోడ గోడే. గుమ్ముకు మాత్రం పైన తెరిచి ఉన్నంతకాలం పాత హాలంతా ఒకటే తొట్టి. పెద్దరెడ్డి కుర్చీ నీళ్ళు ఊరకుండే చోట పడింది, చిన్నరెడ్డి మంచం నీళ్ళు లేచే చోట పడింది. పెద్దరెడ్డి భాగంలో పాట, చిన్నరెడ్డి భాగంలో మద్దెల. ఇదంతా కాగితం మీద ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేను. తర్వాత లెక్క వేస్తే కొన్ని అంకెలు కలిశాయి, కొన్ని కలవలేదు.

సందు

ఆ పూట బయటికి వస్తుంటే చిన్నరెడ్డి భార్య సుశీలమ్మ గారు వాళ్ళ వాకిట్లో నిలబడి పిలిచారు. పురిటికి వచ్చిన కూతురు, చంటిబిడ్డతో అక్కడే ఉంది.

"ఏమ్మే, ఆ డబ్బా మోగినప్పుడల్లా బిడ్డ ఉలిక్కిపడి లేస్తా ఉండాది. తల్లికి నిద్దర్లా. ఆయన్ని అడిగితే మోగనీ అంటాడు. నువ్వన్నా ఏదన్నా చెయ్యి."

"పైన సందు మూయించండమ్మా. ఇటుక పేర్చి సిమెంటు పూయిస్తే మీ వైపుకు రాదు, ఆయన వైపు నిలబడుతుంది. ఇద్దరికీ మంచిది."

ఆ సలహా ఇచ్చింది నేను. అడిగిన మనిషికి, అడిగిన దానికి, సరైన సలహానే ఇచ్చాను. ఈనాటికీ ఎవరైనా అడిగితే అదే చెప్పాల్సి ఉంటుంది. ఆ పక్క పసిబిడ్డ నిద్ర, ఈ పక్క పెద్దాయన అర దరువు. రెంటికీ ఒకటే మందు.

"నిచ్చెన మావైపే ఏయిస్తాంలే. ఆ మాట ఆ పెద్దాయనకు నువ్వే చెప్పు" అన్నారు సుశీలమ్మ గారు.

వెనక్కి పోయి చెప్పాను. పెద్దరెడ్డి చాలాసేపు సందువైపు చూశారు. దూలం మీద పిచ్చుకల గూడు ఉంది, దాన్నే చూస్తున్నారనుకున్నాను.

"మూయాల్నంటావా?"

"మూస్తేనే మద్దెల మీ భాగంలో వినబడుతుందండీ."

"నిజంగా వినపడతాదా?"

"వినబడుతుంది."

"వాడేమన్నాడు?"

"ఆయన్ని నేను కలవలేదండీ. ఆమె సరేనన్నారు."

"సరే. నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలిసినట్టు చెయ్యి" అన్నారు. ఆ మాటలో ఏదో ఉందని అప్పుడు పట్టలేదు. అప్పుడు నా చూపంతా అంకెల మీదే ఉంది.

మూడో చరణం

కార్తీకం మొదటి సోమవారం పొద్దున పదిన్నరకు మళ్ళీ పోయాను. సందు మూసేశారు, సున్నం కూడా ఆరింది. ముందు చిన్నరెడ్డి ఇంటికి పోయి, ఊయల దగ్గర నిలబడి, పెద్దరెడ్డి వైపు పాట పెట్టమన్నాను. ఏమీ రాలేదు. బిడ్డ కదలలేదు. సుశీలమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, "సల్లగా ఉండమ్మా" అన్నారు. చిన్నరెడ్డి మంచం మీద కూర్చుని సున్నపు గోడవైపు చూస్తూ ఉన్నారు, పలకరించలేదు.

తర్వాత పెద్దరెడ్డి ఇల్లు. సబ్‌వూఫర్ నైరుతి మూలలోనే ఉంది. మూల నుంచి రెండడుగులు ముందుకు జరపడానికి లక్ష్మమ్మ గారు ఒప్పుకున్నారు, అంతవరకు నైరుతేనట. కోత పాయింటు సర్దాను, వెనక మీట తిప్పాను, పెద్దరెడ్డిని కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టాను.

మొదటి దరువుకే ఆయన చేతులు కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి. ముప్పై నాలుగేళ్ళలో నేను బిగించిన వాటిలో అంత శుభ్రంగా పలికినది ఇంకోటి లేదు. మద్దెల ఆయన ముందు కూర్చుని వాయిస్తున్నట్టుంది. అరచెయ్యి తోలు మీద ఒకసారి రాసుకున్న చప్పుడు కూడా వినబడింది.

మూడో చరణం వచ్చింది, పోయింది.

"మళ్ళీ పెట్టు."

పెట్టాను.

"ఇంకోసారి."

మూడోసారి విన్నాక ఆయన లేచారు. భాగాల గోడ ముందుకు పోయి నిలబడ్డారు. ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని విధంగా, బల్లులూ దూలాలూ లేకుండా, పేరు పెట్టి గట్టిగా పిలిచారు.

"ఒరే కొండా! నేనే రా పరిగెత్తింది! మద్దెల సరింగా ఉండాది రా!"

వంటింట్లో లక్ష్మమ్మ గారి చేతిలోని గరిటె ఆగింది.

అవతల నుంచి ఏమీ రాలేదు.

"ఏమన్నా అన్నాడా?" అని నన్ను అడిగారు. "నాకు చెవులు సరింగా లేవు. నీకు వినపడిందా?"

"లేదండీ."

"పాట పెంచు. ఆ చోటికొచ్చినామని వాడికి తెలియాల."

"గోడ మూశాం కదండీ. ఇక్కడిది అక్కడికి పోదు. నేనే చూసొచ్చాను."

"పెంచమ్మా."

"ఇంకా పెంచితే వూఫర్‌లో కాగితపు కోను చిరుగుతుంది."

ఆయన వచ్చి సౌండు గుబ్బను తనే తిప్పారు, చివరిదాకా. కిటికీ రెక్కలు, పళ్ళెం మీద గ్లాసులు, నా పళ్ళు కూడా అదిరాయి. మూడో చరణం మధ్యలో వూఫర్ ఒకసారి టక్కుమంది, తర్వాత గుడ్డ చించినట్టు శబ్దం వచ్చింది. ఆ తర్వాత గొంతు ఒక్కటే మిగిలింది. నేను స్విచ్చి ఆపాను.

"ఇప్పుడు?" అన్నారు గోడ వైపు చెవి పెట్టి.

"ఏమీ లేదండీ" అన్నాను.

లక్ష్మమ్మ గారు గుమ్మంలోకి వచ్చి, "పదడుగులు నడిస్తే అయిపోయే మాట. పోయి చెప్పరాదా?" అన్నారు.

"గడప తొక్కనని ఒట్టుండాది."

"నేను పోయి చెబుతానండీ" అన్నాను.

"వద్దు. నువ్వు చెబితే అది కబురైతాది. మాట కాదు." నా వైపు తిరిగారు. "చెప్పనని ఒట్టెయ్యి."

"మాలో ఒట్లు వేయమండీ. చెప్పనంటే చెప్పను."

"చెప్పబాక."

"చెప్పను."

చిరిగిన కోను మార్చుకొస్తానన్నాను. వద్దన్నారు. పెట్టె అక్కడే ఉండనిమ్మన్నారు లక్ష్మమ్మ గారు, నైరుతిలో బరువు కదా. దాని మీద పాత దుప్పటి మడిచి వేసి, మంచినీళ్ళ బిందె పెట్టారు.

నేను సంచి తీసుకుని వీధిలోకి వచ్చేసరికి చిన్నరెడ్డి తన అరుగు మీద కూర్చుని ఉన్నారు. నాకోసమే కూర్చున్నట్టుంది.

"ఏందమ్మా, ఈరోజు ఏమీ వినపళ్ళేదే? మూడో చరణం దాకా వచ్చినారా?"

"వచ్చామండీ."

"మద్దెల వినపడిందా?"

"బాగా వినబడింది."

కండువా తీసి మడిచి మళ్ళీ భుజాన వేసుకున్నారు. "అన్న ఏమన్నాడు?"

'ఎవరో' కాదు, 'బల్లి' కాదు, 'అన్న' అన్నారు. నేను అబద్ధం చెప్పను, ఇచ్చిన మాటా తప్పను. రెంటినీ కలిపి జవాబు చెప్పాను.

"ఒక మాట అన్నారండీ. మీకు చెప్పొద్దన్నారు."

ఆయన తల ఊపారు.

"అయితే మద్దెలదే తప్పని తేలిందన్నమాట. తిట్టుకోనుంటాడు." నవ్వబోయి ఆగారు. "అయ్యుండొచ్చులే. ఆ రోజు చెయ్యి నొప్పిగా ఉండింది నాకు. తప్పు నాదే అయ్యుంటాది. ఆ మాట ఈడ కూర్చోని శానాసార్లు అందామనుకున్నా. ఆ సందులో నోరు తెరిస్తే తిట్టే వచ్చేది. ఇప్పుడు ఆ సందు కూడా లేకపాయె."

"కాదండీ" అనబోయాను. కాదంటే మిగతాది చెప్పాల్సి వస్తుంది. మిగతాది చెప్పనని మాటిచ్చి ఇంకా పావుగంట కాలేదు. మేము అవునంటే అవును, కాదంటే కాదు అని పెరిగినవాళ్ళం. ఆత్మకూరు బస్సు మలుపు దగ్గర హారన్ కొట్టింది. ఎక్కాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు నన్ను నియమం అడుగుతారు. సందు మూయించడం పనికి సంబంధించి నూటికి నూరుపాళ్ళు సరైనది. బిడ్డ నిద్రపోయింది, మద్దెల వినబడింది, గది తిన్నగా పలికింది. కొలతల్లో ఎక్కడా తప్పు లేదు, మళ్ళీ మళ్ళీ చూశాను. ఐనా ఆ ఇంటి దగ్గరికొచ్చేసరికి నా కూడిక ప్రతిసారీ తక్కువే వస్తోంది. అందుకని నియమం చెప్పలేను. గదిలోకి పోగానే ఒకసారి పైకి కూడా చూడండి. అంతవరకే చెప్పగలను.

పోయినవి ఇవి.

పది అంగుళాల వూఫర్ కోను ఒకటి.

గోడపైన పన్నెండడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు సందు ఒకటి.

దూలం మీద పిచ్చుకల గూడు ఒకటి. గుడ్లు లేవు.

బల్లి, గొడ్డు, బాయి వగైరా తిట్లు, పూటకు రెండుమూడు.

అన్న తమ్ముడితో అన్న మాట ఒకటి, తమ్ముడు అన్నతో అనాల్సిన మాట ఒకటి. ఆ రెండూ నా దగ్గరే ఉండిపోయాయి.